స్వదస్తూరీ మహిమ

"అసైన్‌మెంట్లు స్వదస్తూరీతో వ్రాయవలెను. జిరాక్సులు స్వీకరించబడవు." మా దూరవిద్య పుస్తకం మొదటి పేజీలోనే ఈ శాసనం ఉంటుంది. నలభై నాలుగేళ్ల వయసులో ఎం.ఏ. తెలుగుకి ఫీజు కట్టిన నేను దాన్ని నమ్మాను. తప్పు నాదే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సొంత రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు పెట్టకూడదని యూజీసీ రూలు. కాబట్టి ఆదివారం వస్తే పాతపట్నం మీదుగా ఆంధ్రాలోకి పోవాలి. దూరవిద్యలో దూరమంటే ఇదే కాబోలు. పగలు బియ్యం కొట్లో గుమస్తాగిరీ, రాత్రి ప్రబంధాలు. ఓరోజు నిద్రమత్తులో పద్దులో "అల్లసాని పెద్దన" అని రాసేశాను. "ఈ పెద్దన ఎవడయ్యా, ఎన్ని బస్తాలు బాకీ?" అన్నాడు షావుకారు.

సెంటర్ ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. అక్కడ స్వదస్తూరీ అమ్ముతారు. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "మీరేటి చేస్తారండీ?" అన్నాడు. గుమస్తానన్నాను. "అయితే కుడివైపు వాలే రాత. రెండు కొట్టివేతలు పెడతాను, నమ్మకంగా ఉంటాది." టీచర్లకు గుండ్రటి అక్షరాలు, పోలీసోళ్లకు గొలుసుకట్టు. గృహిణులకు పేజీ మూల పసుపు మరక కావాలంటే పది రూపాయలు ఎక్స్‌ట్రా. మార్జిన్లు ఫ్రీ. నేను రాసుకొచ్చింది చూపిస్తే జాలిపడ్డాడు. "ఇది మీ రాతలా లేదండీ."

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇదే పర్లాకిమిడిలో రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి చేరి, పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ. (అప్పటి ఇంటరు), బి.ఏ. పాసయ్యారు. పాపం, అన్నీ తనే రాసుకుని ఉంటారు. ("స్వీకరించబడవు" అన్న తెలుగుని మాత్రం ఆయన చచ్చినా స్వీకరించరు.)

మా వీధిలో ఒక అంగన్‌వాడీ కార్యకర్త నాతోపాటే డిగ్రీకి కట్టింది. పిల్లలు పడుకున్నాక, కరెంటు పోతే ఫోన్ టార్చి వెలుగులో, అరవై పేజీలు రాసింది. కూతురి జడ రిబ్బను, ఎర్రది, దానితో కట్టి ఇచ్చింది. ఫలితాల్లో ఆ గడి ఖాళీ. షాపులో కొన్నవాళ్లకు ఎనభైలు.

"మీది రాలేదమ్మా" అన్నాడు సెంటర్ గుమస్తా. రసీదు చూపించింది. "రసీదు మాదే. అసైన్‌మెంటే రాలేదు." అద్దాల బీరువాలో కాగితాల కట్టల మధ్య ఎర్ర రిబ్బను కనిపిస్తూనే ఉంది. తియ్యమంటే, తాళం ఇన్‌చార్జి దగ్గరుంది, ఆయన ఆదివారాలు రారు అన్నాడు. ఆదివారం కాక మేం ఏనాడు వస్తామయ్యా? మిగతా ఆరు రోజులూ ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల కోసమని చెప్పుకునే కదా ఫీజులు గుంజుతున్నారు! ఒక ఆడకూతురి ఏడాది ఆ బీరువాలో పడి ఉంటే, తాళం వెతకడానికి కుర్చీలోంచి లేవరా? సిగ్గుండాలి.

తిరుగు ఆటోలో పాతపట్నం దాటేదాకా ఆవిడ నోరు విప్పలేదు. తర్వాత అడిగింది: "అన్నయ్యా, ఆ షాపులో అంగన్‌వాడీ రాత ఉంటాదేటి?"

మరుసటి ఆదివారం కనుక్కున్నాను. ఉందట. నూట యాభై.