విశ్వాసానికి రాజీనామా

నమ్మకంలో చేరడానికి దరఖాస్తు ఉండదు. ఏ రోజున చేరామో మనకే గుర్తుండదు. వదిలేటప్పుడు మాత్రం తేదీ, సంతకం, వీలైతే ఇద్దరు సాక్షులు కావాలి. మెడలో పడేటప్పుడు లేని లాంఛనం తీసేటప్పుడు ఎందుకో పెద్దలే చెప్పాలి.

మొన్న మిత్రుడొకడు తన ఇరవై ఏళ్ల సిద్ధాంతానికి రాజీనామా రాసిపెట్టమని వచ్చాడు. "ఇన్నాళ్లూ పొరబడ్డాను" అని మొదలుపెట్టాను. వాడు కలం లాక్కుని ఆ మాట కొట్టేసి, "ఇన్నాళ్లూ లోలోపల మథనపడ్డాను" అని దిద్దాడు. ఆ మథనం ఎవరికీ కనపడలేదేమని అడిగితే, "లోలోపల అన్నాను కదా!" అన్నాడు. కాదనలేకపోయాను.

నమూనా కావాలంటే గెలీలియోది చూపించాను. 1633 జూన్ 22న రోమ్‌లో, 69 ఏళ్ల వయసులో, ఆ పెద్దమనిషి మోకరిల్లి, భూమి తిరుగుతుందన్న అభిప్రాయాన్ని త్యజిస్తున్నాననీ, శపిస్తున్నాననీ, అసహ్యించుకుంటున్నాననీ చదివాడు. (భూమికి ఆ పత్రం నకలు అందినట్టు లేదు.) చదివించిన చర్చి తన వైపు పొరపాటును ఒప్పుకోవడానికి 1992 దాకా ఆగింది. సంస్థలు మనుషుల్లా తొందరపడవు.

మోకాళ్ల నొప్పులున్నాయి, ఆ భాగం వద్దన్నాడు మావాడు. అయితే అదే పత్రంలో, ఇలాంటి భావాలున్నవారు ఇంకెవరైనా తారసపడితే విచారణాధికారులకు పట్టిస్తాననే ప్రమాణం కూడా ఉంది. అది వినగానే వాడి ముఖం వెలిగిపోయింది. నిన్నటిదాకా కలిసి నడిచినవాళ్ల పేర్లు చకచకా చెప్పసాగాడు. తొమ్మిదో పేరు దగ్గర ఆగి, "వీడికి బాకీ ఉన్నాను, ఇప్పుడే వద్దులే" అన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాణ్ని లోకం తిడుతుంది గానీ, వాడు కనీసం ఏరు దాటాడు. మావాడు తెప్ప మీదే కూర్చుని అగ్గిపెట్టె వెతుకుతున్నాడు.

స్నేహధర్మంగా ఒక హెచ్చరిక కూడా చేశాను. ఇంగ్లండులో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ పదేపదే సంతకాలు చేసి తన మతాభిప్రాయాలను వదులుకున్నాడు. అయినా మరణశిక్ష తప్పలేదు. 1556 మార్చి 21న ఆ వదులుకోవడాన్నే వదులుకుని, సంతకాలు చేసిన కుడిచేతిని ముందుగా మంటలో పెట్టాడు.

మిత్రుడు కాసేపు ఆలోచించి, ఎడమచేత్తో సంతకం చేశాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే, "మరి ఇకనుంచి దేన్ని నమ్ముతావురా?" అని అడిగాను.

"రేపు పంపిస్తామన్నారు" అన్నాడు.