దర్శనానికి పార్కింగ్ సౌకర్యం కలదు

హైదరాబాదులో కొత్త చర్చి పెట్టదలచిన వాళ్లకు మొట్టమొదట కావలసింది దర్శనం, అంటే ఫలానా చోట చర్చి పెట్టమని దేవుడి నుంచి వచ్చే పిలుపు. డబ్బు తర్వాత, మనుషులు తర్వాత, చివరికి మైకు సెట్టు కూడా తర్వాతే. దర్శనం ఉందన్నాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. వేసినవాళ్లు అవిశ్వాసుల కింద జమ.

ఈ మధ్య వచ్చిన దర్శనాలను కాస్త శ్రద్ధగా గమనించినవాణ్ని కాబట్టి ఒక సంగతి మనవి చేస్తాను. దేవుడికి ఔటర్ రింగ్ రోడ్డు పడమటి వైపంటే మక్కువ ఎక్కువ. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, నల్లగండ్ల, మియాపూర్. ఆయన పిలుపు ఈ పిన్‌కోడ్లు దాటడం అరుదు. నల్లమల చెంచు పెంటలకు పొమ్మని గానీ, నారాయణఖేడ్ తండాల్లో కాపురం పెట్టమని గానీ ఆయన ఎవరికీ చెబుతున్నట్టు లేదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. అంత ఖరీదైన నేల మీద ఆత్మలు నశించిపోతుంటే దైవజనులు చూస్తూ ఎలా ఊరుకుంటారు?

బైబిల్లోని అపొస్తలుడు పౌలుకు ఈ తెలివి లేదు. త్రోయలో ఉండగా ఒక రాత్రి ఆయనకు మాసిదోనియ మనిషి కనబడి, వచ్చి మాకు సాయం చెయ్యమన్నాడు. పార్కింగ్ ఉందా, మెట్రో ఎంత దూరం అని ఒక్క మాట అడక్కుండా ఓడెక్కేశాడు. తీరా ఫిలిప్పీకి పోతే దొరికింది ఊరి బయట ఏటి ఒడ్డున కూర్చున్న నలుగురు ఆడవాళ్లు. వాళ్లలో ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఇంట్లో దిగాడు. ఆ తర్వాత బెత్తం దెబ్బలు, జైలు, కాళ్లకు బొండ. సర్వే చేయకుండా చర్చి పెడితే ఇట్లాగే ఉంటుంది.

దర్శనం ఏ వేళకు వస్తుందన్నది కూడా తెలుసుకోదగ్గ విషయమే. చాలామందికి అది కమిటీ మీటింగ్ అయిన రాత్రి వస్తుంది. పాత చర్చిలో బిల్డింగ్ ఫండ్ లెక్కలు ఎవరో అడిగి ఉంటారు, లేదా పెద్ద పాస్టర్‌గారు తన తర్వాత కుర్చీ అల్లుడిదేనని సూచనప్రాయంగా చెప్పి ఉంటారు. ఆ రాత్రే సహకాపరికి, అంటే ఆయన కింది పాస్టర్‌కు, నిద్ర పట్టదు. తెల్లవారేసరికి 'ప్రభువు నన్ను వేరే పరిచర్యకు పిలుస్తున్నాడు' అని తేలుతుంది. చిత్రం, ఆ పిలుపు కీబోర్డు వాయించే అబ్బాయికీ, రిథమ్ ప్యాడ్స్ వాయించే అబ్బాయికీ, నెలనెలా దశమ భాగం, అంటే సంపాదనలో పదో వంతు, సరిగ్గా ఇచ్చే ముప్పై కుటుంబాలకూ అదే వారంలో విడివిడిగా అందుతుంది. లైవ్ కెమెరా ఆపరేటర్‌కు మాత్రం అందదు. కెమెరాలు పాత చర్చివి.

అట్లా కొత్త సంఘం మొదటి ఆదివారమే నూరు మందితో నిండిపోతుంది. 'చూశారా ఆత్మ కార్యం!' అని వేదిక మీంచి సాక్ష్యం. పాత చర్చిలో ఆ ఉదయం నూరు కుర్చీలు ఖాళీగా ఉన్నాయన్నది సాక్ష్యంలో రాదు. మొత్తం మీద నగరంలో క్రైస్తవుల సంఖ్య శనివారం ఎంతో సోమవారమూ అంతే, మారింది వాళ్ల బస్ రూటు. మరొకడు వేసిన పునాది మీద కట్టకూడదనే తాను క్రీస్తు పేరు వినని చోట్లకే పోయానని పౌలు రోమీయులకు రాశాడు. పదిహేనో అధ్యాయం, ఇరవయ్యో వచనం. కొత్త పాస్టర్లు ఆ లేఖలోంచి చాలా ప్రసంగాలు చేస్తారు, ఎనిమిదో అధ్యాయం మరీ ఇష్టం. పదిహేను దాకా వచ్చేసరికి టైం అయిపోతుంది.

పేరు విషయంలో జాగ్రత్త. బేతేలు, సీయోను, హెబ్రోను, మన్నా ఇవన్నీ రేకుల షెడ్డు పేర్లు. ఇప్పుడు పేరు చూస్తే అది చర్చో, జిమ్మో, కో-వర్కింగ్ స్పేసో చప్పున తేలకూడదు. లైఫ్, సిటీ, హోప్, గ్లోరీ, ఇంపాక్ట్ లాంటి మాటల్లో ఏ రెంటినైనా పక్కపక్కన పెట్టండి. పాస్టర్ కూడా పాస్టర్‌గా ఉండిపోతే కుదరదు. ఫ్లెక్సీ మీద బిషప్, అపొస్తలుడు, ప్రవక్త, వీటిలో ఒకటి ఉండాలి, ముందు డాక్టర్ ఎలాగూ ఉంటుంది. ఆ డాక్టరేట్ ఎక్కడిదని అడిగితే ఒక విదేశీ యూనివర్సిటీ పేరు చెబుతారు. దాని క్యాంపస్‌ను చూసినవాళ్లు ఎవరైనా ఉంటే ధన్యులు. ఫ్లెక్సీలో ఎడమ వైపు సూటులో అయ్యగారు, కుడి వైపు పట్టుచీరలో అమ్మగారు, మధ్యలో మిగిలిన చోట యేసయ్య. చోటు చాలకపోతే తగ్గించేది ఎవరినో డిజైనర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక స్థలం. సొంత స్థలం కొనేదాకా ఫంక్షన్ హాలే గతి. ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆ హాల్లో అడుగుపెట్టి చూడాలి. రాత్రి రిసెప్షన్ అప్పుడే అయి ఉంటుంది. గుమ్మం దగ్గర 'వెడ్స్' అన్న థర్మాకోల్ అక్షరాలు ఇంకా వేలాడుతుంటాయి. బంతిపూలు కాళ్ల కింద నలుగుతుంటాయి. మటన్ బిర్యానీ వాసనకు తోడు ఫినాయిల్ వాసన. ఎరుపు రిబ్బన్లు కట్టిన కుర్చీలను వాలంటీర్లు వరసల్లో సర్దుతుంటారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చున్న సింహాసనాలను మోయడానికి మాత్రం నలుగురు మనుషులు కావాలి, వాళ్లెవరూ ఇంకా రారు. అందుకని వాటిని స్టేజీ మీదే వదిలేస్తారు. ఎనిమిదింటికి అయ్యగారూ అమ్మగారూ వచ్చి వాటిలోనే కూర్చుంటారు. మొదటి వారం కాస్త మొహమాటపడతారు. మూడో నెల నుంచి అవి లేని హాలు వద్దంటారు.

ఆరాధన రెండు విడతలు. ఏడింటికి తెలుగు, పదిన్నరకు ఇంగ్లీషు. ఏసీ రెండో దానికి వేస్తారు, ఎందుకంటే మొదటి దానికి వచ్చేవాళ్లు చెమటకు అలవాటుపడినవాళ్లు. తెలుగు ఆరాధనకు తాతలు నానమ్మలు, పనమ్మాయిలు, డ్రైవర్లు వస్తారు, ఇంగ్లీషు దానికి వాళ్ల పిల్లలు, యజమానులు వస్తారు. పాత కీర్తన పాడితే తెలుగు చదవడం రాని మూడో తరం కోసం తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తారు. 'ళ'కు ఏ అక్షరం వాడాలన్న దాని మీద మీడియా టీంలో ఏకాభిప్రాయం కుదరక, ఒక్కో చరణంలో ఒక్కో విధంగా ఉంటుంది. శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాటకూడదు. పాస్టర్‌గారు ఎకో పెట్టి 'హల్లెలూయ' అన్నారంటే వెనక ఉన్న అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పద్ధెనిమిది మెసేజీలు పడతాయి. ఆ ఫిర్యాదులను చర్చివాళ్లు క్రైస్తవుల మీద హింస అని పిలవడం ఒక ఆనవాయితీ.

కొత్తగా వచ్చినవాళ్ల చేత ఒక కార్డు నింపిస్తారు. పేరు, వాట్సాప్ నంబరు, పుట్టినరోజు, పెళ్లిరోజు, కంపెనీ, సొంత ఫ్లాటా అద్దె ఫ్లాటా, ప్రార్థన మనవి. మనవి గడి అన్నిటికంటే చిన్నది. సోమవారం పదకొండింటికల్లా ఫోన్ వస్తుంది. 'ప్రైజ్ ది లార్డ్ సిస్టర్, నిన్న ఆరాధన ఎలా అనిపించింది?' సిస్టర్‌గారు అప్పుడు ఆఫీసులో స్క్రమ్ మీటింగ్‌లో ఉంటారు.

కానుకల్లో వచ్చే చిక్కులు వేరు. దశమ భాగం గ్రాస్ మీదా, నెట్ మీదా? ఐటీ విశ్వాసులు ఈ ప్రశ్నను చాలా నిజాయితీగా అడుగుతారు. పాస్టర్‌గారు అంతకంటే నిజాయితీగా, మీకు గ్రాస్ దీవెన కావాలా నెట్ దీవెన కావాలా అని ఎదురడుగుతారు. అక్కడితో చర్చ ముగిసి క్యూఆర్ కోడ్ తెర మీదికొస్తుంది. మార్చిలో మళ్లీ ఇంకో ప్రశ్న, ఆదాయపు పన్ను మినహాయింపుకు 80జీ రసీదు ఇస్తారా అని. ఒక్క మతం వాళ్ల మేలు కోసం నడిచే సంస్థకు ఆ సెక్షన్ కింద మినహాయింపు రాదని చట్టం. అందుకని పక్కనే ఒక చారిటబుల్ ట్రస్టు వెలుస్తుంది. ఆ ట్రస్టు ఏటా జూన్‌లో ఓ బస్తీలో ముప్పై మంది పిల్లలకు స్కూలు బ్యాగులిస్తుంది. ఒక్కో బ్యాగుకూ రెండు ఫొటోలు.

లెక్కలంటే గుర్తొచ్చింది. చర్చి పెరుగుదల గురించి మాట్లాడేవాళ్లు 1878 జూలై 3ని తప్పకుండా ఎత్తుతారు. ఆ రోజు ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె చెప్పి, మన టార్గెట్ కూడా అదే అంటారు. అక్కడికి ముందు జరిగింది మాత్రం చెప్పరు. అంతకు ముందు రెండేళ్లు ఘోరమైన కరువు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించాడు. ఆ పని, సహాయం నడిచినన్నాళ్లూ అడిగినవాళ్లకు కూడా బాప్తిస్మం ఇవ్వలేదు, జనం కూటి కోసం వస్తారేమోనని. చేతికి వచ్చిన గ్రాఫును నెలల తరబడి తానే తొక్కిపట్టాడు. ఇవాళ్టి ఏ నాయకత్వ సదస్సులోనూ ఆయనకు స్టేజీ ఎక్కే అర్హత లేదు.

కులం సంగతి అడుగుతారేమో. కొత్త చర్చిలో కులం లేదు. ఊళ్లో మాల చర్చి, మాదిగ చర్చి అని ఉండేవే, అవి వెనకబాటుతనం. ఇక్కడ అందరూ క్రీస్తులో ఒక్కటే. పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపులు మాత్రం మూడు ఉన్నాయి. దేంట్లో చేర్చాలో తెలియడం కోసమే అమ్మగారు కొత్తవాళ్లను మీ సొంతూరేది, అక్కడ ఇల్లెక్కడ అని ఆప్యాయంగా అడిగేది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద అతనికి మిగిలేది ఒక్క శాతం రిజర్వేషన్. కాబట్టి సభ్యుల్లో సగం మంది ఆదివారం ఒకటి, సర్టిఫికెట్‌లో మరొకటి. లైవ్‌లో కెమెరా తమ మీదికి తిరగ్గానే వాళ్లు బైబిలు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. వేదిక మీంచి చూసే అయ్యగారికి అది వాక్యం పట్ల ఆసక్తిలా కనబడుతుంది. ఆ ఉత్తర్వు గురించి ఒక్క ఆదివారం మాట్లాడండని ఎవరైనా అడిగితే, సంఘంలో రాజకీయాలు వద్దంటారు. ఎన్నికల ముందు స్థానిక ఎమ్మెల్యేగారు వచ్చి సెమీ క్రిస్మస్ కేకు కోయడం రాజకీయం కాదు.

పోటీ ఎక్కడెక్కడుందో తెలుసుకోవడం కూడా ముఖ్యం. కోకాపేట టవర్ల వెనక, కట్టేవాళ్ల కోసం వేసిన రేకుల లేబర్ క్యాంపులున్నాయి. ఒడిశా, ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో క్రైస్తవులు తక్కువేం కాదు. ఆదివారం సాయంత్రం పని దిగాక అట్లాంటి ఒక షెడ్డు ముందు ఇరవై, ముప్పై మంది పట్టా పరుచుకుని కూర్చుంటారు. సెంట్రింగ్ మేస్త్రి ఒకాయన చదువుతాడు, తర్వాత అందరూ తమ భాషలో పాడతారు, ఎవరికైనా జ్వరమొస్తే మందులకు తలా ఇరవై వేసుకుంటారు. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఫ్లెక్సీ లేదు. వాళ్లు మాట్లాడే సదరి భాషలో గానీ కుయి భాషలో గానీ మన దైవజనుల్లో ఇంతవరకూ ఎవరికీ దర్శనం రాలేదు. కొత్తగా చర్చి పెట్టేవాళ్లు వీళ్లను చూసి టెన్షన్ పడక్కర్లేదు. టవర్ పూర్తయితే కాంట్రాక్టరు క్యాంపు ఎత్తేస్తాడు, ఆ స్థలం విజిటర్స్ పార్కింగ్‌కు వస్తుంది.