మానాల్సింది ఇంటి దారిలోనే

డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉండి వచ్చిన వాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘లోపల ఉన్నన్నాళ్లూ తాగాలని అనిపించనే లేదు, బయటికొచ్చిన వారానికే మళ్లీ మొదలైంది’ అని. లోపల పాత సావాసగాళ్లు లేరు, జేబులో జీతం డబ్బుల్లేవు, పని దిగి ఇంటికెళ్లే దారిలో మందు షాపు వైపు తిరిగే ఆ మలుపు లేదు. గేటు దాటగానే అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సాయంత్రం ఆరయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. కాళ్లు వాటంతటవే అటు తిరుగుతాయి.

ఇంట్లో ఒకరు తాగుడుకో మత్తుకో బానిసైతే, ‘ఎక్కడైనా చేర్పిస్తే బాగుపడతాడు’ అనే ఆలోచనే ముందు వస్తుంది. చేర్పించాలంటే డబ్బు కావాలి, పనికి సెలవు దొరకాలి, నలుగురికీ తెలిసిపోతుందన్న భయాన్ని దాటాలి. ఇవన్నీ కుదిరేదాకా ఆగుదామనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లలోనే కాలేయం చెడుతుంది, కాపురం చెడుతుంది. ఎక్కువమందికి ఇంటి దగ్గర ఉంటూ, పనికి వెళ్తూ చేయించుకునే వైద్యమే మొదటి మెట్టు కావాలని ఈ పత్రిక నమ్ముతోంది. నాలుగు గోడల మధ్య ఉంచాల్సిన అవసరం కొందరికే ఉంటుంది.

లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, జిమ్ ఆర్ఫర్డ్ అనే పరిశోధకుల బృందం తాగుడుకు బానిసలైన 100 మంది పెళ్లయిన మగవాళ్లపై చేసిన అధ్యయనం 1977లో వెలువడింది. సగం మందికి నెలల తరబడి పూర్తి చికిత్స అందించారు. మిగతా సగం మందిని భార్యతో సహా ఒక్కసారి కూర్చోబెట్టి, మానాల్సింది నువ్వేనని వివరంగా చెప్పి పంపారు. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్నిబట్టి చికిత్స దండగని అనుకుంటే పొరపాటే. వాళ్లందరికీ ఒక ఇల్లు, పక్కన ఒక మనిషి ఉన్నారు. ఆ తోడుకున్న బలాన్ని మనం ఇప్పటికీ తక్కువగానే లెక్కగడుతున్నాం.

వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు హెరాయిన్ వంటి మత్తుకు బానిసయ్యారు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి కలిసి చూస్తే, అలా బానిసైన వాళ్లలో మూడేళ్ల లోపు మళ్లీ ఆ స్థితికి వెళ్లింది 12 శాతం మందే. చాలామంది ఏ సెంటర్‌లోనూ చేరకుండానే బయటపడ్డారు. ఎందుకంటే మత్తు అలవాటైన చోటికి వాళ్లు మళ్లీ వెళ్లలేదు. డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చినవాడు సరిగ్గా ఆ చోటికే వెళ్తాడు. కాబట్టి మానడం నేర్చుకోవాల్సింది కూడా అక్కడే.

అయితే ‘ఇంట్లోనే మానేస్తా’ అనేవాళ్లకు ఒక హెచ్చరిక తప్పదు. పొద్దున లేవగానే ఒక గుక్క పడితే గానీ చేతుల వణుకు ఆగని మనిషి, పంతం పట్టి ఒక్కసారిగా ఆపేయకూడదు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకో మూడో రోజుకో లేనివి కనిపించడం, తనవాళ్లనే గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం మొదలైతే అది ప్రాణాంతకం. అలాంటప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రోజూ నిద్రమాత్రలు మింగే అలవాటున్న వాళ్లూ డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించుకోవాలి. హెరాయిన్ లాంటి వాటిలో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. కొన్ని వారాలు మానాక శరీరం ఆ మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. సెంటర్ నుంచో జైలు నుంచో బయటికొచ్చి పాత మోతాదే తీసుకున్నవాళ్లు ఆ ఒక్క రాత్రితో పోతున్నారు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, చచ్చిపోవాలన్న ఆలోచనలున్నవాళ్లు, ఇల్లే లేనివాళ్లు, ఇంటినిండా తాగేవాళ్లే ఉన్నవాళ్లు చేరి చికిత్స తీసుకోవడమే మేలు.

మిగిలిన వాళ్లకు మార్గాలు లేక కాదు, చెప్పేవాళ్లు లేక ఆగిపోతున్నారు. తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రకు అమెరికాలో 1994లోనే అనుమతి వచ్చింది. 1383 మందితో చేసి 2006లో ప్రచురించిన కాంబైన్ అధ్యయనంలో, ఈ మాత్ర వేసుకుంటూ 16 వారాల్లో తొమ్మిది సార్లు ఓపీకి వచ్చి మాట్లాడి వెళ్లినవాళ్లకు మంచి ఫలితం కనిపించింది. హెరాయిన్‌కు బానిసైనవాళ్లకు దాని బదులు డాక్టర్ ఇచ్చే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే మందులున్నాయి. ‘ఒక మత్తు మాన్పించి ఇంకోటి అలవాటు చేస్తారా’ అని కొట్టిపారేసేవాళ్లు, వీటివల్ల చావులు బాగా తగ్గుతాయన్న సంగతి కూడా చూడాలి. వేసుకున్నాక తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్రను మనిషికి తెలియకుండా భోజనంలో కలిపి పెట్టే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కలిపి పెట్టారని తెలిసిన రోజు ఇంట్లోవాళ్ల మీద నమ్మకం కూడా పోతుంది.

మాత్ర కాకుండా మిగిలిన పనంతా సాయంత్రం ఆరు గంటల ఆ వేళ చుట్టూనే జరగాలి. తాగాలన్న కోరిక అలలా లేచి, కాసేపు ఉక్కిరిబిక్కిరి చేసి, అరగంటలోపే దిగిపోతుందని అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త తన దగ్గరికి వచ్చినవాళ్లకు నేర్పేవాడు. ఆ అరగంట గడవడానికి ఏర్పాటు కావాలి. దారి మార్చుకోవాలి. ఖాళీ కడుపుతో పని దిగకూడదు. జీతం రోజున ఎవరో ఒకరు ఎదురొచ్చి తీసుకెళ్లాలి. ఏమీ అడగకుండా ‘ఎక్కడున్నావు, వస్తున్నా’ అనే ఒక్క మనిషి నంబరు ఫోన్‌లో ఉండాలి. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం చేసేది చాలావరకు ఇదే. ఆ మీటింగులు సాయంత్రం పూట జరిగితే ఆ వేళను మరొకదానితో నింపుతాయి.

ఇంట్లోవాళ్లకూ శిక్షణ కావాలి. తాగి వచ్చిన రాత్రి చేసే గొడవ గోడకు చెప్పినట్టే. పొద్దున తేరుకున్నాక నెమ్మదిగా చెప్పిన రెండు మాటలు లోపలికి వెళ్తాయి. పనికి డుమ్మా కొట్టిన రోజు ‘జ్వరం సార్’ అని అతని తరఫున అబద్ధం చెప్పకపోవడం, తాగని రోజున కలిసి కూర్చుని నవ్వుతూ గడపడం, ఇలాంటివి పద్ధతిగా నేర్పిన కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది తమ మనిషిని చికిత్సకు ఒప్పించగలిగారని అధ్యయనాల్లో తేలింది. ఇన్నాళ్లూ ఆ ఇల్లాలికి మనం చెప్పింది ‘సర్దుకుపో’ అన్న ఒక్క మాటే.

మేం అడిగేది కొత్త భవనాలు కాదు. ప్రతి సాధారణ ఆసుపత్రిలో పని వేళలు ముగిశాక కూడా తెరిచి ఉండే ఓపీ కావాలి. అక్కడ ఈ మాత్రలు దొరకాలి. బీపీ చూసినంత మామూలుగా తాగుడు గురించి అడిగే డాక్టర్ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నలకు ఐదు నిమిషాలు చాలు. షుగర్ పెరిగిందని వచ్చిన రోగిని ఎవరూ తిట్టి పంపరు. నలభై రోజులు మాని ఒక రాత్రి జారిపోయినవాడిని మాత్రం ‘వీడింతే’ అని వదిలేస్తున్నాం. ఆ నలభై రోజులూ ఎక్కడికీ పోలేదు. మర్నాడు ఉదయం అతను తలదించుకుని తలుపు దగ్గర నిలబడితే, లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నిన్న ఏ వేళకు, ఎవరితో, ఏ దారిలో అని అడిగే మనిషి అక్కడ ఉండాలి.