నాలుగు నిమ్మకాయలూ నాలుగు టైర్లూ

ఈ జనవరిలో ముక్కనుమ నాడు సిరిపురంలో జరిగిన, కెనడాలోని మన కాల్గరీ తెలుగు సంఘం విశాఖ సమ్మేళనంలో సన్మానాలు ముగియకముందే నేను లేచి వెళ్ళిపోవడం కొందరికి నచ్చలేదని తెలిసింది. భోజనం చేయకుండా వెళ్ళినందుకు వంటల కమిటీ వారు నన్ను మన్నించాలి. వారి గుమ్మడికాయ దప్పళం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కారణం వేదిక మీద జరిగిన ఒక సన్మానం, ఆ సన్మానం మధ్యలో నేను అడిగిన ఒక్క ప్రశ్నకు హాలంతా నవ్విన నవ్వు.

సంగతి మీలో చాలామందికి తెలిసిందే. నవంబరులో కాల్గరీలో మన దీపావళి వేడుక నాడు మంచు తుపాను వచ్చినప్పుడు, భోజనాలు తెచ్చే బండి దారిలో చిక్కుకుపోతే, మన కుర్రాడొకడు తన కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని వెళ్ళి, మూడు వందల మందికి వండిన అన్నాన్నీ కూరల్నీ సమయానికి చేర్చాడు. పండగకు విశాఖ వచ్చిన ఆ అబ్బాయికి శాలువా కప్పి, బండి ఫోటోను తెర మీద చూపించి, "బండి అంటే ఇలా ఉండాలండీ, మంచు గించు ఏదీ దీన్ని ఆపలేదు" అని వ్యాఖ్యాత అన్నప్పుడు, రెండో వరుసలో ఉన్న నేను ఉండబట్టలేక "టైర్లు ఏవి వేయించావు బాబూ?" అని అడిగాను. "ఆల్ సీజనే అంకుల్, ఫోర్ వీల్ డ్రైవ్ కదా!" అన్నాడతను. అంటే చలికాలానికని చేసిన వింటర్ టైర్లు కావు, మామూలువే. "ఈయనకి టైర్ల ఏజెన్సీ ఏమైనా ఉందేమో కనుక్కోండి" అని ఒక పెద్దమనిషి వెనక నుంచి అన్నారు. నాకు ఏజెన్సీ లేదు. పదకొండేళ్ళ కిందటి ఒక సాయంత్రం మాత్రం ఉంది.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టినప్పుడు ఎంవీపీ కాలనీలోని మా ఇంటి కిటికీ అద్దాలన్నీ పోయాయి. మరమ్మతులు అయ్యేదాకా మా అమ్మను నా దగ్గరకు తెచ్చుకున్నాను. ఆ మరుసటి జనవరిలో కాల్గరీలో చినూక్ గాలి, అంటే కొండల మీదుగా దిగివచ్చే వెచ్చని గాలి, రెండు రోజులు వీచి, పేరుకున్న మంచునంతా నీరు చేసింది. మూడో రోజు గాలి తగ్గగానే ఆ నీరంతా రోడ్డు మీదే గాజులా గడ్డకట్టింది. ఆ సాయంత్రమే సంక్రాంతి సంబరాలు. ఒళ్ళో అరిసెల డబ్బాతో అమ్మ వెనక సీట్లో, పులిహోర గిన్నెతో నా భార్య ముందు సీట్లో, కొని ఏడాది కూడా కాని ఫోర్ వీల్ డ్రైవ్‌లో ధీమాగా నేను. ఇంటి దగ్గర ఎత్తు రోడ్డును బండి అవలీలగా ఎక్కేసింది, నా ధీమాకు మొదటి కారణం అదే. అవతలి వైపు దిగుతుండగా కింద సిగ్నల్ ఎర్రగా మారింది. బ్రేకు తొక్కాను. పాదం కింద పెడల్ గరగరలాడింది గానీ బండి వేగం తగ్గలేదు.

"బ్రేకెయ్యరా!" అంది అమ్మ.

"వేశానమ్మా!"

"మరి ఆగదేటి?"

బండి ఆగలేదు. ఎర్ర దీపాన్ని దాటుకుంటూ, కూడలి మధ్యలో సగం తిరిగి, అడ్డంగా జారి అవతలి గట్టున మంచు కుప్పలో దిగబడింది. అప్పుడే ఒక సిటీ బస్సు ఆ కూడలి దాటి వెళ్ళింది. దానికీ మాకూ మధ్య ఉన్న సమయాన్ని నేను ఈనాటికీ లెక్కపెట్టదలచుకోలేదు. పులిహోర డ్యాష్‌బోర్డు మీదకు చిమ్మింది. అరిసెల డబ్బాను అమ్మ వదల్లేదు. నా వెనకే దిగుతున్న చిన్న పాత కారొకటి, ముందు రెండు చక్రాలకే ఇంజను ఊపు అందే కారు, అదే వాలు మీద, అదే గాజు మీద, సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగింది. అందులోంచి దిగిన ముసలాయన మా క్షేమం అడిగి, నా బండి పేరైనా చూడకుండా, వంగి టైరు గాడిలో వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అమ్మ అడిగిన దానికి సరైన జవాబు అప్పటికి నా దగ్గర లేదు. ఇప్పుడు ఉంది. ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ పంచడమే ఫోర్ వీల్ డ్రైవ్ చేసే పని. ఆగి ఉన్న బండిని కదిలించడానికి, మంచులో దిగబడ్డ చక్రాన్ని పైకి లాగడానికి, ఎత్తు ఎక్కించడానికి అది నిజంగానే గొప్ప సాయం, ఆ మాట ఒప్పుకోకపోతే నాది మొండివాదం అవుతుంది. అయితే ఆపవలసి వచ్చినప్పుడు ఇంజనుతో పని లేదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉన్నాయి. మలుపు తిరిగేటప్పుడైనా, ఆగేటప్పుడైనా రోడ్డును పట్టుకునేది, ఒక్కో టైరు కింద మన అరచేతి మేర ఆనే రబ్బరు మాత్రమే. చలి 7 డిగ్రీలకు దిగిన దగ్గర నుంచి మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతూ వస్తుంది. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది, దాని మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నని గాట్లు మంచును పంటి పట్టున పట్టినట్టు పడతాయి. ఇంకొక విధంగా చెప్పాలంటే, ఫోర్ వీల్ డ్రైవ్ మనల్ని వేగం అందుకోనిస్తుంది, ఆ వేగం నుంచి దిగిరావడానికి మాత్రం ఏ సాయమూ చేయదు. ఎత్తు ఎక్కిన తీరు చూసి రోడ్డు బాగానే ఉందనుకున్నాను, నన్ను మోసం చేసింది అదే.

ఇది ఆ కుర్రాడి తెలివితక్కువతనమని నేను అనను. మనందరం తెచ్చుకున్న అలవాటే అది. విశాఖలో రాత్రి చలి ఎంత ముదిరినా 7 డిగ్రీల దరిదాపులకు రాదు కాబట్టి ఇక్కడ టైరుకు కాలాలు లేవు, అరుగుదల ఒక్కటే ఉంది. గుండు చేసినట్టు నున్నబడిన టైరును కూడా "ఇంకో ఆర్నెల్లు లాగుతుందిలెండి" అని రీట్రెడింగ్‌కు పంపి నడిపించిన తండ్రుల బిడ్డలం మనం. ఆ పొదుపే మనల్ని చదివించింది, దానిని వెక్కిరించే హక్కు నాకు లేదు. పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు చూసుకుంటాడన్న భరోసా కూడా మన వెంటే విమానమెక్కింది. అక్కడ ఆ కుర్రాడు లేడు, చలి 5, 6 డిగ్రీలు దిగిన ప్రతిసారీ టైరులో గాలి ఒక పాయింటు చొప్పున తగ్గిపోతూనే ఉంటుంది.

భాష కూడా మనకు సాయం చేయదు. లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, కాల్గరీలో మోకాలి లోతు పడేదీ మంచే, రోడ్డు మీద కంటికి కనిపించకుండా గడ్డకట్టేదీ మంచే. "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అని ఫోనులో కొడుకు చెబితే, ఎంవీపీ కాలనీలో అమ్మ కళ్ళ ముందు కదిలేది అరకు ఘాట్ రోడ్డు మీది తెల్లని పొగ. అందుకు తగినట్టే ఆమె సలహా కూడా, "లైట్లు వేసుకుని నెమ్మదిగా వెళ్ళు నాన్నా" అని ఉంటుంది.

మన పూజను చూడండి. విశాఖలో కొత్త బండి ఏదైనా ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు ఆగకుండా ఇంటికి రాదు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, దండ అన్నీ బండి ముఖానికే. టైరును తలచుకునేది ఒక్కసారి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించినప్పుడు. నాకు ఆ ఆచారమంటే చాలా ఇష్టం. బండి భారమంతా ఎక్కడ ఆనుతోందో గుర్తు చేసేది ఆ తంతులో అదొక్కటే అని నా ఉద్దేశం, పూజారిగారు ఏమంటారో తెలియదు.

ఆ రోజు నేను బయట చెప్పులు వేసుకుంటుండగా ఆ అబ్బాయి తండ్రిగారు నా వెంట వచ్చారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. "బాబూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పెద్ద బండి కొనమని మావాణ్ణి పట్టుబట్టింది నేనే. బండిలో లోపమేమైనా ఉందా?" అని అడిగారు. లోపం లేదనీ, రబ్బరు సంగతనీ చెప్పడం మొదలుపెట్టానో లేదో ఆయనే అందుకున్నారు. "మా కన్వేయర్‌లో పుల్లీ మీద రబ్బరు అరిగిపోతే, మోటారు ఎంత బలంగా తిరిగినా బెల్టు జారుతూనే ఉంటుంది. మావాడు మోటారు కొన్నాడు, రబ్బరు కొనలేదన్నమాట" అన్నారు. పదకొండేళ్ళుగా నేను చెప్పలేకపోయిన మాట అది.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. చక్రాలతో సహా నాలుగు టైర్లంటే వెయ్యి డాలర్లు దాటే ఖర్చు, అపార్ట్‌మెంటులో ఉండేవారికి రెండో జత దాచుకునే చోటు ఉండదు. ఖర్చు విషయంలో ఒక ఊరట ఉంది: వింటర్ టైర్లు తిరిగినన్నాళ్ళూ మొదటి జత అరగదు. చోటు లేనివారికి ఏడాది పొడవునా ఉంచుకోదగ్గ ఆల్ వెదర్ టైర్లు ఉన్నాయి. అవి ఆల్ సీజన్ కావు, పేర్లు కలిసిపోయి తికమక పెడతాయి గాని, టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉందో లేదో చూస్తే చాలు. మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు వేస్తారు. ఎం, ఎస్ (మడ్, స్నో; అంటే బురద, మంచు) అక్షరాలు మాత్రమే ఉంటే అది గాళ్ళ తీరును బట్టి తయారీదారు వేసుకున్న మాట, దానికి పరీక్షేమీ అక్కరలేదు. రెండే కొని సరిపెట్టుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. ముందు చక్రాలు పట్టి వెనక చక్రాలు జారితే బండి బొంగరమవుతుంది, పైగా ఫోర్ వీల్ డ్రైవ్‌లో నాలుగు టైర్ల అరుగుదల సమానంగా లేకపోతే చక్రాలకు శక్తిని పంచే యంత్రాంగమే దెబ్బతింటుంది. మంచులో తిరిగే టైరు గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకూడదు.

చట్టం అడగడం లేదు కదా అనేవారూ ఉన్నారు. కెనడాలోనే క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. కాల్గరీ ఉన్న మన ఆల్బర్టాలో అలాంటి చట్టం లేదు. కొండలు దాటి బ్రిటిష్ కొలంబియాలో అడుగుపెడితే చాలా రహదారుల మీద అక్టోబరు 1 నుంచే వింటర్ టైర్లు తప్పనిసరి అని చెప్పే బోర్డులు కనిపిస్తాయి. లాంగ్ వీకెండ్‌కు పిల్లలతో అటు వెళ్ళే మన కుటుంబాలు ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు కూడా దిగుతాయి.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం ఇది. మనం ప్రతి ఏటా దసరాకు గుడి ఆవరణలో ఆయుధ పూజ పెట్టి బండ్లన్నిటికీ బొట్లు పెడుతున్నాం. కాల్గరీలో చలి 7 డిగ్రీల కిందికి దిగేది కూడా ఆ రోజుల్లోనే. మొదటి మంచు పడ్డాక టైర్ల షాపుల్లో వారాల తరబడి సమయం దొరకదు. టైర్లు మార్చుకోవడాన్ని ఆయుధ పూజతో ముడిపెడదాం. ముగ్గుల పోటీకి పెట్టే ఖర్చులో కొంత తీసి, ఇద్దరు వాలంటీర్లను గాడి లోతు కొలిచే సాధనంతో, గాలి గేజితో నిలబెడదాం. నిమ్మకాయలు అలాగే ఉంచుదాం, నేను వాటికి అడ్డు చెప్పడం లేదు. విశాఖలో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఒక మనవి: అక్టోబరులో ఫోను చేసినప్పుడు అన్నం తిన్నావా అని అడిగాక, టైర్లు మార్చావా అని కూడా అడగండి. పిల్లలు నా ప్రశ్నకు నవ్వుతారు గాని మీ ప్రశ్నకు నవ్వరు.

మొన్న ఆ పెద్దాయన నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. కొడుకు చేత తీయించిన టైరు పక్కభాగం, పైన ఎర్ర గీత గీసి, "అక్షరాలు ఉన్నాయి, కొండ లేదు, అవునా?" అని అడిగారు. అవునన్నాను. షాపులో సమయం ఎప్పటికి దొరికిందని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.