కాలిన ట్రాన్స్‌ఫార్మర్ సహకార సంఘం

సన్నకారు రైతులు పదిమందితో కలిసిరారన్నది మేధావుల్లో స్థిరపడిన అభిప్రాయం. ఉమ్మడి రాష్ట్రంలో 1964లో సహకార చట్టం, 1995లో పరస్పర సహాయ సంఘాల చట్టం, 2020లో దేశమంతా పదివేల ఉత్పత్తిదారుల సంఘాల పథకం. మైదాన ప్రాంతంలో సంఘానికి 300 మంది ఉంటే చాలు, సభ్యుడికి రూ.2,000 దాకా వాటా గ్రాంటు కూడా ఇస్తామన్నారు. అయినా రైతు నా బోరు, నా మోటారు అంటాడేమిటని వారి ఆవేదన. పాపం, వారెవరూ ట్రాన్స్‌ఫార్మర్ కాలిన పొద్దున ఊళ్లో లేరు.

ఆ పూట సంఘం గంటలో ఏర్పడుతుంది. బైలాలుండవు, కోరం బాధ లేదు. మోటారుకింతని చందా పడుతుంది. గట్టు తగాదాతో మాటల్లేని ఇద్దరు ఒకే తాడు పట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను మరమ్మతు షెడ్డుకు ట్రాక్టరెక్కిస్తారు. పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని నిబంధన ఉన్నమాట నిజమే. వరి పొట్టమీదుంటే నిబంధన నీళ్లు పారించదు.

కాలడానికి కారణం కూడా సమష్టి కృషే. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగేది ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు ఏడున్నర లాగుతుంది, ఐదు నడిస్తే 37 దాటింది. (ఆరోది తీగకు దొంగచాటుగా తగిలించిన కొక్కెం మోటారు, లెక్కలోకి రాదు.) పైగా స్టార్టయ్యేటప్పుడు ఒక్కోటి అయిదారు రెట్లు లాగుతుంది. కరెంటు పోయి వచ్చిన క్షణాన ఆటోస్టార్టర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఫ్యూజు పోవాలి, పోదు. మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో లావు అల్యూమినియం తీగ చుట్టేశాం కదా! ఇక కాలవలసింది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి రాగి చుట్టే.

విరుగుడు చిన్నదే. మోటారుకో 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే ఒక్కోటి ఒక ఆంపియరు తగ్గించుకుంటుంది. అయిదుగురూ పెడితే 33 లోపు సర్దుకుంటుంది. ఒక్కడే పెడితే ముప్పయ్యారున్నర, అప్పుడూ కాలుతుంది. ఖర్చు మాత్రం వాడిదే. వ్యవసాయ కరెంటు ఉచితం గనక బిల్లు తగ్గిందన్న ఓదార్పూ దక్కదు. ఆటోస్టార్టర్ తీసేసినవాడి గతి మరీ అన్యాయం: అర్ధరాత్రి కరెంటొస్తే పక్కవాడి మడి నిండుతుంది, ఇతడు నిద్రలో ఉంటాడు. ఇంత లెక్క తెలిసినవాణ్ని అవగాహన లేనివాడని సదస్సులు పెట్టి మరీ చెబుతున్నారు.

కనుక మా సూచన: సంఘాల రిజిస్ట్రేషన్ బల్లను మరమ్మతు షెడ్డు గేటు దగ్గరే వేయాలి. అక్కడ అయిదుగురూ దొరుకుతారు, జేబులో చందా ఉంటుంది. కెపాసిటర్లు కొనిపించి, సంతకాలు పెట్టించుకున్నాకే ట్రాన్స్‌ఫార్మర్ అప్పగించాలి. ట్రాక్టరు కదిలాక సంతకం కోసం వెళ్తే, ఒక్కొక్కరినీ ఒక్కో స్టార్టరు దగ్గర వెతుక్కోవాలి.