ఇంటిపేరు ఒక్క అక్షరమైతే తప్పా?

మాది పర్లాకిమిడి. 1936 నుంచి ఒడిశాలో ఉన్న ఊరు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. నిన్న నాన్నగారి పింఛను దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపడానికి కూర్చుంటే గంటన్నర పట్టింది, అయినా పూర్తి కాలేదు.

ఇంటిపేరు గడిలో ఇంగ్లిషులో ‘S.’ అని రాస్తే కనీసం రెండు అక్షరాలు ఉండాలట. చుక్క కూడా కుదరదట. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఉన్నది అదే కదా! ఇక్కడ మార్చి రాస్తే రేపు పేర్లు కలవడం లేదని తిప్పి పంపేది మళ్లీ వీళ్లే.

భాష తెలుగు అని ఎంచుకోగానే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని దానంతట అదే పడిపోయింది. 761తో మొదలయ్యే మా పిన్‌కోడ్ తప్పని ఎర్రగా చూపించింది. సరిహద్దుకు ఇవతల తెలుగువాళ్లే ఉండరా?

పేరు తెలుగులో రాసినా అదే గతి. కంప్యూటర్లు అన్ని భాషల లిపులనూ గుర్తించే పద్ధతి యూనికోడ్. అందులో గుణింతపు గుర్తులు ‘అక్షరాలు’ కావు, వేరే వర్గం. అక్షరాలను మాత్రమే అనుమతించే నియమం రాసినవారు ‘రామారావు’ అని ఒక్కసారి టైపు చేసి చూసినా ఈ పొరపాటు తెలిసేది.

అన్నిటికంటే కోపం తెప్పించింది చివరిది: ఒక్క గడి తప్పయితే నింపినవన్నీ చెరిగిపోయాయి. డెబ్బై దాటిన మనిషి పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి వివరాలు చెప్పారు. ఇదంతా మోసాలను ఆపడానికే అంటారా? బ్రౌజర్‌లో చేసే తనిఖీని తెలిసినవాడు చిటికెలో దాటేస్తాడు. అసలు కాపలా దరఖాస్తును అందుకునే సర్వర్ దగ్గర ఉండాలి. ఇక్కడ ఆగిపోయింది మాత్రం మా నాన్నగారు.