ఉపగ్రహ రాడార్‌కు పాతాళం కనిపించదు

“ఉపగ్రహ రాడార్ నేలను చీల్చుకుని వందల మీటర్ల లోతుకు చూస్తుంది, అక్కడి నీటినీ బంగారాన్నీ ఫొటో తీసినట్టు చూపిస్తుంది.” విస్తృతంగా తిరుగుతున్న ఈ మాటను నమ్మి బోరు ఎక్కడ వేయాలో నిర్ణయించుకునేవారు నష్టపోతారు. అందుకే ఒక్కో అంశాన్నీ పరిశీలించాలి.

మొదటిది లోతు. రుజువుగా సహారాను చూపుతారు. 1981లో కొలంబియా వ్యోమనౌక మోసుకెళ్లిన ఎస్‌ఐఆర్‌-ఎ రాడార్, తూర్పు సహారా ఇసుక కింద పూడిపోయిన పాత నదీమార్గాలను పట్టిన మాట నిజమే. అది గొప్ప ఫలితం. అయితే దాదాపు 23 సెంటీమీటర్ల పొడవున్న ఆ రాడార్ తరంగం చొచ్చుకుపోయింది ఒకటి రెండు మీటర్లే. అది కూడా వాన ఎరగని, బాగా ఎండిన సన్నని ఇసుక కాబట్టి.

తడి నేలలో ఆ మాత్రం లోతూ అందదు. విద్యుత్ క్షేత్రానికి ఒక పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె డైఎలక్ట్రిక్ స్థిరాంకం. నీటికది దాదాపు 80, ఎండిన మట్టిది 3 నుంచి 5. ఇంత తేడా ఉంది కాబట్టే మైక్రోవేవ్‌తో, అంటే ఇలాంటి రాడార్లు వాడే తరంగాలతో, నేల తేమను కొలవగలుగుతున్నాం. కానీ తేమ పెరిగేకొద్దీ నేల ఆ తరంగాన్ని పైపొరలోనే కొంత తిప్పికొట్టి, మిగిలినది పీల్చేస్తుంది. నీటి జాడ చెప్పే గుణమే లోతుకు అడ్డుపడుతుంది. నేల తేమను కొలవడానికి 2015లో నాసా ప్రయోగించిన ఎస్‌మ్యాప్ ఉపగ్రహం నేరుగా పసిగట్టేది పై 5 సెంటీమీటర్ల తేమనే. అదీ దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పు ప్రాంతానికి సగటు. వేళ్ల లోతు తేమ పేరుతో ఇచ్చే అంకెలు గణిత నమూనాల నుంచి వచ్చిన అంచనాలు.

ఇక బంగారం. పొడి రాళ్లలో అధిక భాగానికి ఈ స్థిరాంకం 3, 8 మధ్యే ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి ఏ రాయో తేల్చలేం. తిరిగొచ్చే సంకేతంలో ఉపరితలం గరుకుదనం, వాలు, తేమ, మొక్కలు అన్నీ కలిసిపోతాయి. పగుళ్లు, భ్రంశాల (రాతిపొరలు విరిగి పక్కకు జరిగిన చోట్ల) గీతలు గుర్తించడానికి రాడార్ చిత్రాలు ఎంతో పనికొస్తాయి. ఖనిజం పేరు మాత్రం చెప్పలేవు.

“మరి గ్రేస్ ఉపగ్రహాలు భూగర్భజలాన్ని కొలిచాయి కదా?” కొలిచింది గురుత్వాకర్షణలో మార్పును. అందుకోసం రెండు ఉపగ్రహాల మధ్య దూరం కొలిచే మైక్రోవేవ్ నేలను తాకనే తాకదు.

కుజుడి చుట్టూ తిరిగే వ్యోమనౌకలోని మార్సిస్ రాడార్ కిలోమీటర్ల లోతు చూసిందన్నదీ నిజమే. దాని తరంగాల పొడవు పదుల నుంచి వందకు పైగా మీటర్లు. అవి దూరింది గడ్డకట్టిన మంచులోకి. ఇక్కడ భూమి మీద అలాంటి తరంగాలకు ముందు అయనావరణమే (వాతావరణం పైభాగంలో విద్యుదావేశ కణాలున్న పొరే) అడ్డు, ఆ తర్వాత తడి నేల.

ఉపగ్రహ చిత్రం చూపి పాతాళజలం ఉందని ఎవరైనా చెబితే రెండే ప్రశ్నలు అడగండి: ఏ తరంగదైర్ఘ్యం వాడారు? ఆ రోజు నేలలో తేమ ఎంత?